యాభై నాలుగవ ఆకు

2025 ఫిబ్రవరి 18, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. బయట ఫారెన్‌హీట్ ఇరవై ఏడు డిగ్రీలు, పడమటి గాలి, మంచు లేదు. గ్రంథాలయపు నేలమాళిగలోని కెమెరా గదిలో మాత్రం అరవై ఎనిమిది డిగ్రీలు. ఋతువులతో నిమిత్తం లేకుండా అక్కడ ఎప్పుడూ అంతే ఉంచుతారు.

ఉద్యోగ విరమణ తరువాత నేను వారానికి రెండు రోజులు మా ఊరు పిస్కాటవే నుండి నలభై నిమిషాలు కారు నడుపుకుంటూ వెళ్లి ఆ గదిలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. అరుదైన చైనా గ్రంథాలను ఫొటో తీసి, ఏ దేశపు పరిశోధకుడైనా చదువుకునేలా కంప్యూటర్‌లో భద్రపరచే పని అది. నాకు ఆ భాష రాదు. ఒకటి నుండి నూరు వరకు వారి అంకెలు మాత్రం నేర్చుకున్నాను. నా బాధ్యత లెక్క చూడటం. ఆ పుస్తకాలలో కాగితానికి ఒక వైపే అచ్చు వేస్తారు. దానిని నడిమికి మడిచి, మడత బయటికి ఉండేలా కుడతారు. కనుక ఒక ఆకుకు రెండు పుటలు, రెండు చిత్రాలు. ఆకు సంఖ్య మడత మీదనే ఉంటుంది.

ఇన్ని చోట్లుండగా ఆ గదికే వెళ్లడానికి కారణం ఉంది. నా భార్య అదే భవనంలో పంతొమ్మిదేళ్లు శిథిలమైన పుస్తకాలకు మరమ్మతు చేసింది. ఆమె పోయి ఆనాటికి నాలుగేళ్ల మూడు నెలలు.

ఆ ఉదయం బల్ల మీద ఉన్నది ఒక జిల్లాలోని కాలువలను, గట్లను వివరించే పుస్తకం. దాని ఫొటోలు ముందు వారమే ముగిశాయి. చిత్రాలు నూట డెబ్బై రెండు, అంటే ఆకులు ఎనభై ఆరు. గ్రంథాలయం వారు ఆ పుస్తకానికి వ్రాసి పెట్టిన వివరాల కార్డు మీదా ఎనభై ఆరే. నేను సంతకం చేసేశాను. ఇక దాని పెట్టెను తిరిగి మూయడమే తరువాయి. కెమెరా నడిపే ఆవిడ వరంగల్ మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఆవిడ పెట్టె అడుగున ఒక చీటీ చూసింది.

“అంకుల్, జర ఇది చూడుండ్రి. లిస్ట్‌ల ‘గుర్తు తెలియని లిపి’ అని ఎంటర్ చేసిన్రు.”

పెన్సిలుతో వేసిన రెండు గుర్తులు: ౮౭.

“ఎనభై ఏడమ్మా. తెలుగు అంకెలు. మీ ఆంటీ వ్రాత.”

“అయ్యో, ఇవి మన అంకెలా? స్కూల్ల నేర్పిన్రు గని ఎప్పుడో మర్చిపోయిన.”

నా భార్య గోడ క్యాలెండర్ మీద డాక్టరు అపాయింట్‌మెంట్లు సైతం తెలుగు అంకెలలోనే వ్రాసుకునేది. ఇప్పుడు ఆమె ఎనభై ఏడంటోంది, కార్డు ఎనభై ఆరంటోంది. అక్కడి నియమం ప్రకారం రెండూ కలవకపోతే నివేదికలో ‘మరమ్మతులో ఒక ఆకు పోయినది’ అని చేర్చాలి. నివేదిక గురువారం వెళ్లాలి.

“ఆంటీ ఒకటి ఎక్కువ లెక్కేసిందేమో అంకుల్. మా అమ్మమ్మ వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండ ‘లాభం’ అంటుండె. ఆంటీ గూడ లాభం అని, మళ్ల ఒకటి అని షురూ చేసిందేమో.”

“అలా అయితే లెక్క తగ్గుతుంది, పెరగదు. పైగా లాభం తరువాత వచ్చేది రెండే.”

“మీతోని జోక్ చేస్తే దానికి గూడ ఆడిట్ అయితది.”

నేను నవ్వలేదు. చివరి ఏడాది నా భార్యకు ఉదయం నాలుగు మాత్రలు, రాత్రి మూడు. వేసుకున్నాననేది, డబ్బాలో గడి నిండుగా కనిపించేది. నేను ఒక చార్టు గీసి ఫ్రిజ్‌కు అంటించి, నాటి నుండి మాత్రలు నేనే లెక్కపెట్టాను. “నా లెక్క ఎప్పుడు తప్పిందండీ?” అని ఒక సాయంత్రం అడిగింది. నేను వేలితో చార్టు చూపించాను. ఆమె మళ్లీ అడగలేదు.

అందుకే చిత్రాలన్నీ మొదటి నుండి తెరిపించి, ఈసారి మడతల మీది సంఖ్యలను ఒక్కొక్కటిగా చదివాను. ముందు వారం నేను ఆ పని చేయలేదు. మొత్తాన్ని రెండుతో భాగించి సంతకం పెట్టాను. యాభై మూడు తరువాత యాభై ఐదు వచ్చింది. చివరి ఆకు ఎనభై ఏడు.

పుస్తకం తీసి యాభై మూడవ ఆకు మందం కొలిచాను. తక్కినవాటికి రెట్టింపు. అడుగు నుండి వెలుగు వచ్చే దీపపు పలక మీద పెడితే ఒక అక్షరాల వరుస వెనుక మరొక వరుస కనిపించింది. ఇప్పుడు నా భార్య బల్ల దగ్గర పనిచేసే నిపుణురాలు వచ్చి పరీక్షించి విషయం తేల్చింది. చిరిగిన మడతకు సన్నని కాగితం అతికినప్పుడు, గోధుమపిండి జిగురు ఆరకముందే వెనుక ఆకును కూడా పట్టుకుంది. యాభై నాలుగు అన్న సంఖ్య ఆ అతుకు కింద ఉండిపోయింది. నా భార్య లెక్కించింది కుట్టు విప్పి, ఆకులు విడిగా ఉన్నప్పుడు. కార్డు వ్రాసినవారు లెక్కించింది ఆ తరువాత, కుట్టిన పుస్తకాన్ని.

జిగురు దగ్గర ఆమె చేయి తొందరపడింది. లెక్క తప్పలేదు.

అతుకును తడి అద్ది విడదీయడానికి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ పక్కనే కూర్చున్నాను. నా భార్య ఇంటికి వచ్చేసరికి కోటు చేతులకు ఉడికిన పిండి వాసన ఉండేది. ఆకులు విడిపోయిన క్షణంలో వంగి వాసన చూశాను. ఏమీ లేదు.

“చీటీ గూడ ఫొటో తియ్యాల్నా అంకుల్?”

“తియ్యమ్మా. ఒక్క వైపు చాలు. వెనుక ఏమీ వ్రాయలేదు.”

“చూసిన్రా?”

“మూడుసార్లు చూశాను.”

ఫిబ్రవరి 20, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు నా పాత సంతకాన్ని కొట్టివేసి కొత్తది పెట్టాను. ఆకులు ఎనభై ఏడు. పుటల చిత్రాలు నూట డెబ్బై నాలుగు. చీటీది ఒకటి. మొత్తం నూట డెబ్బై ఐదు.