చెక్ చెప్పే తొందర

మా ఆయనకి ఇంటి ముందుగదిలోనే కటింగ్ షాపు. ఆయన చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగదు. జుట్టు లేని చోట కూడా గాలిలో కచకచమని ఆడుతుంది, ఆలోచించేటప్పుడైతే మరీను. ఒకరి తలమీద అంత నిదానంగా పనిచేసే మనిషి, చదరంగం ముందు కూర్చుంటే మాత్రం ఆత్రగాడికి బుద్ధి మట్టు.

ఖాళీ దొరికితే ఫోనులో చదరంగం చిక్కులు విప్పుతుంటారు. ఎదుటి రాజుకు చెక్ చెప్పే దారి కనబడితే చాలు, మంత్రిని తీసుకెళ్ళి అక్కడ పెట్టేస్తారు. ఏ మూలనుంచో ఒంటె తీరిగ్గా వచ్చి ఆ మంత్రిని కొట్టేస్తుంది. "అరెరె, చూసుకోలేదు" అంటారు. మర్నాడు మళ్ళీ అదే ఒంటె, అదే అరెరె.

ఇంట్లోనూ ఇదే వరస. మనం సగం మాట అనేలోపే ఆయన జవాబు వచ్చేస్తుంది.

మా అమ్మాయి కూడా కటింగ్ పని నేర్చుకుంది. షాపులో రెండో కుర్చీ మా మరిది వేరే షాపు పెట్టుకున్నప్పటినుంచీ ఖాళీగానే ఉంది, దానిమీద తువ్వాళ్ళు పేరుస్తాం. ఆ కుర్చీలో పనిచేయాలని దాని ఆశ. "నాన్నా, ఆ రెండో కుర్చీ..." అని మొదలుపెట్టగానే, "అడ్డంగా ఉంది కదూ, అమ్మేద్దాంలే" అనేవారు. పిల్ల మూతి ముడుచుకుని లోపలికొచ్చేది. ఈలోగా వేరే ఊళ్ళో పార్లరువాళ్ళు దాన్ని పనికి రమ్మన్నారు. నెలాఖరు సోమవారంలోగా ఏ సంగతో చెప్పాలి. వాళ్ళ నాన్నని నేను అడుగుతానంటే ఒప్పుకోలేదు.

"నా మాట నన్నే చెప్పనీ అమ్మా. నాన్న వినకపోతే వెళ్ళిపోతా" అంది.

అలా అని తండ్రిమీద పంతం పట్టిందా అంటే, లేదు. ఆయన అవస్థ చూడలేక ఒకరోజు పక్కన కూర్చుంది. "కొత్తవి వదిలేయ్ నాన్నా. తప్పినవే మళ్ళీ చెయ్యి."

మర్నాటికి అన్నీ చకచకా చేసి మీసం తిప్పారు. అమ్మాయి చెక్క చదరంగం బల్ల తెచ్చి అదే చిక్కు పేర్చి, ఒంటెను మాత్రం ఇంకో మూలకు మార్చింది. మంత్రి మళ్ళీ పోయాడు.

"జవాబు గుర్తుపెట్టుకున్నావు గానీ, తప్పు గుర్తుపెట్టుకోలేదు నాన్నా" అంది.

ఆ పూట ఆయన అన్నం దగ్గర కూడా ఆ ఒంటెనే పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అప్పట్నుంచి పావు ముట్టుకునే ముందు "అప్పుడు అవతలివాడేం చేస్తాడు?" అని పైకే అనుకోవడం అలవాటు చేసుకున్నారు. గడ్డం గీస్తూ కూడా అదే గొణుగుడు. సగం నురగతో ఉన్న స్కూలు మాస్టారు బెదిరిపోయి "ఎవడండీ?" అన్నారు. "ఒంటె" అన్నారీయన. తప్పులు పూర్తిగా పోలేదు గానీ, తగ్గాయి.

సోమవారం రానే వస్తోంది. ఆదివారం రద్దీ తగ్గాక తండ్రీకూతుళ్ళు బల్ల పరిచారు. ఆట మధ్యలో అమ్మాయి తలెత్తకుండా అంది, "నాన్నా, ఆ రెండో కుర్చీ..."

ఆయన నోరు తెరిచారు. గుమ్మంలో నిలబడ్డ నాకు 'అమ్మేద్దాంలే' అన్న మాట ముందే వినిపించినట్టయింది. కత్తెర కచకచమంటోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఊఁ. ఆ కుర్చీ? చెప్పు."

ఇన్నాళ్ళూ ఆ మాట పూర్తిచేసే అవసరమే రాలేదేమో, పిల్ల తడబడింది. "అందులో నేను పనిచేస్తా నాన్నా. నీ పక్కన."

ఆయన చాలాసేపు దాని చేతులకేసి చూశారు. "నా కత్తెర నీకు పెద్దదవుతుంది. చిన్నది చూడాలి" అన్నారు. లేచి ఆ కుర్చీమీది తువ్వాళ్ళన్నీ తెచ్చి నా చేతుల్లో పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని ఎత్తు వేసింది. ఆ సంతోషంలో ఈయన మంత్రిని తీసుకెళ్ళి చెక్ చెప్పారు. మూలనుంచి ఒంటె వచ్చింది.

"అరెరె" అన్నారు.