రాతి గోడ కింద నీళ్లు

అమెరికాలో మేముండే షామ్‌బర్గ్ నుంచి పడమరగా గంటన్నర పోతే ఇళ్లు పలచబడి మొక్కజొన్న చేలు మొదలవుతాయి. రెండువేల పదికి అటూ ఇటూ మా బావమరిది అక్కడ ఒక పాత పొలం కొన్నాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసు, శని ఆదివారాలు సేద్యం. పొలంతోపాటు ఒక బార్న్ వచ్చింది. కింద పశువులకు రాతి గోడల కొట్టం, పైన గడ్డి దాచే చెక్క అటక. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన రైతు కట్టింది. ఆయన మనవడే పొలం అమ్మిన ముసలాయన. రోడ్డుకు అవతలే ఉండేవాడు. అమ్మేటప్పుడు ఒక్కటే కోరాడు, బార్న్‌ని పడనివ్వొద్దని. బావమరిది మాటిచ్చాడు.

మొదటి వసంతంలో పొలం చివర, కాలవ గట్టున, ఒక మట్టి గొట్టంలోంచి నీళ్లు ధారగా పోతుండటం బావమరిది కంటపడింది. అతనిది కోనసీమ. ఊళ్లో కాలవకు చిట్టచివరి చేను వాళ్లది. నీటి వంతు కోసం వాళ్లింట్లో తగాదా పడని తరం లేదు. సంచుల్లో మట్టి నింపి గొట్టం మూతిలో కుక్కి, నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఇంత వాటర్ వేస్ట్ చేస్తున్నారేంటి వీళ్లు! మొత్తం బ్లాక్ చేసేశాను."

"సరేలేరా భగీరథా, పేపర్లో వేయిస్తాను" అన్నాను.

మే నెల వానలకు బార్న్‌లో చీలమండల లోతు నీళ్లు నిలిచాయి. ఉత్తరపు గోడ పొట్ట ఉబ్బింది. నేను వెళ్లిన శనివారం ముసలాయన వచ్చి గోడను తడిమి చూశాడు. కాలవ వైపు నడిచాడు. మేమూ వెనకే వెళ్లాం.

"ఈ సంచులు ఎవరు పెట్టారు?"

"నేనే. నీళ్లు దాచుదామని."

"దేనికి?"

ఆ నేలంతా ఒకప్పుడు చిత్తడి అనీ, బార్న్ కట్టకముందే తన తాత నేల కింద గొట్టాలు పరిచి నీటిని ఆ కాలవలోకి పంపాడనీ ముసలాయన చెప్పాడు.

"వీళ్ల తాత నీళ్లు పోవాలని తవ్వాడు, మా తాత నీళ్లు రావాలని తలలు పగలగొట్టాడు. నాకెలా తెలుస్తుంది బావా?"

"టెస్ట్ చేయకుండా రిలీజ్ చేశావన్నమాట."

సంచులు లాగేశాక పొలం వారంలో ఆరింది. గోడ మాత్రం ఇంకాస్త ఒరిగింది. ఆ రాళ్లు మళ్లీ పేర్చినా నిలవవనీ, కాంక్రీటు గోడ పోయాలనీ, లేదంటే బార్న్ మొత్తం తీసేయాల్సిందేననీ మేస్త్రీ తేల్చాడు. యజమాని తానే అయినా, బావమరిది ఆ మాట ముసలాయన చెవిన వేయడానికి వెళ్లాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

ముసలాయన వరండాలో కూర్చుని చివరిదాకా విన్నాడు.

"మా తాతకి కాంక్రీటు అందుబాటులో ఉంటే రాయి ముట్టేవాడు కాదు. కొత్త పద్ధతి ఏదొచ్చినా ఈ చుట్టుపక్కల ముందు ఆయనే మొదలుపెట్టేవాడు. కప్పు నిలిస్తే చాలు."

బావమరిది ఆ మెట్ల మీది నుంచే మేస్త్రీకి ఫోన్ చేశాడు. ముసలాయన లోపలికెళ్లి బూట్లు తొడుక్కుని వచ్చి బార్న్ వైపు దారితీశాడు.