నోరు మూసుకునే చదువు

నలభై మూడేళ్ల వయసులో నేను మళ్లీ కాలేజీలో చేరింది మాట్లాడకుండా ఉండడం నేర్చుకోవడానికి. చేరేటప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. బీపీ చూడడం, రక్తం తీయడం, ఇంజెక్షన్ చేయడం నేర్పుతారనుకున్నాను. అవీ నేర్పారు. అవి తేలిగ్గానే వచ్చాయి.

అమెరికాలో, షికాగో పక్కనున్న మా నేపర్‌విల్‌లో ఇంటిపట్టున ఉన్న తెలుగు ఆడవాళ్లకి వర్క్ పర్మిట్ రాగానే అందరూ రాసిచ్చే మందు ఒకటే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు. నేనూ రెండు నెలలు మింగాను, అరగలేదు. ఆ తర్వాత కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరానని, తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో చెప్పాను.

"అంటే డాక్టరా?" అని అడిగింది ఒకావిడ.

"కాదండీ."

"నర్సా?"

"నర్సూ కాదు. పేషెంట్‌ని లోపలికి పిలిచి, బరువూ బీపీ చూసి, డాక్టర్ వచ్చేలోపు అన్నీ రాసిపెట్టే మనిషి."

ఆవిడ పులిహోర బాగా కుదిరిందని చెప్పి పక్కకి వెళ్లిపోయింది. నేనేమీ అనుకోలేదు అంటే అబద్ధం, అనుకున్నాను. పదిహేనేళ్లు మా ఆయన వీసా కాగితాల్లో డిపెండెంట్‌గా బతికినదాన్ని. నా పేరుతో ఒక బ్యాడ్జి, నాదంటూ ఒక ఉద్యోగం ఎంతగా కావాలనిపించేదో ఎవరితోనైనా చెప్పుకోవాలంటే నాకే మొహమాటంగా ఉండేది.

క్లాసులో అందరూ మా అబ్బాయి ఈడు పిల్లలు. మా టీచర్‌కి కూడా ముప్పై దాటి ఉండవు. పరీక్ష రోజున ఆవిడే పేషెంట్‌గా కూర్చుంటుంది, మేం ఒక్కొక్కరం వెళ్లి బరువూ బీపీ చూసి రాయాలి. ఆవిడ బరువు చూసే మిషన్ ఎక్కగానే నేను అంకె చదివి, పోయిన వారం కన్నా తగ్గారే, సరిగ్గా తింటున్నారా అని అడిగాను. ఫెయిల్ చేసింది. మనకి అది పలకరింపు, ఈ దేశంలో నేరం. రెండోసారి బరువు గురించి నోరెత్తలేదు. బీపీ కాస్త ఎక్కువుందని చెప్పి, ఉప్పు తగ్గించి పూటకో గ్లాసు పల్చటి మజ్జిగ తాగమన్నాను. మళ్లీ ఫెయిల్.

టీచర్ నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. అంకె చూడాలి, రాయాలి, బయటికి రావాలి. సలహా చెప్పేది డాక్టర్ మాత్రమే. మూడోసారి కూడా తప్పితే సెమిస్టర్ మొత్తం మళ్లీ చదవాలి. నేను తలూపాను కానీ లోపల ఉడికిపోయాను. మనలో ఒక మనిషి దగ్గితే చుట్టూ ఉన్న నలుగురూ నాలుగు కషాయాలు చెబుతారు. ఏమీ చెప్పనివాళ్లని, వీళ్లకి మనమంటే పట్టింపు లేదు అనుకుంటాం. ఆ పట్టింపు లేకపోవడానికే ఇక్కడ మార్కులు వేస్తున్నారు.

ఇంట్లో మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేశాను. ఆయన బరువు చూశాను, ఏమీ అనలేదు. బీపీ చూశాను, ఏమీ అనలేదు.

"పెళ్లయ్యాక నువ్వు నన్ను ఏమీ అనకుండా ఉన్నది ఈ పది నిమిషాలే. ఈ కోర్సు ముందే తీసుకుని ఉండాల్సింది" అన్నాడు.

మూడోసారి నాలుక పళ్ల మధ్య పెట్టుకుని పాసయ్యాను.

చివరి ఆరు వారాలు ఒక క్లినిక్‌లో జీతం లేకుండా పని చేయాలి. అక్కడి సూపర్‌వైజర్ సంతకం పెడితేనే కోర్సు పూర్తయినట్టు. బాగా చేసినవాళ్లకి అక్కడే ఉద్యోగం ఇస్తారని కూడా విన్నాను. రెండో రోజే ఒక తెలుగాయన వచ్చాడు. బీపీ చూడగానే నా నోటికి కోర్సు గుర్తుకు రాలేదు.

"ఆవకాయ కొంచెం తగ్గించండి అంకుల్" అన్నాను.

ఆయన సంబరపడిపోయి, మీ తెలుగు డాక్టరమ్మ అన్నీ చెప్పేసిందని అసలు డాక్టర్‌తో చెప్పాడు. సాయంత్రానికి నా చేతిలో వార్నింగ్ కాగితం పెట్టారు. పేషెంట్లకి సలహాలు ఇవ్వకూడదు. భాషా పరీక్ష పాసైన ఉద్యోగులు తప్ప ఇంకెవరూ పేషెంట్లతో ఇంగ్లీషు కాక వేరే భాషలో మాట్లాడకూడదు, ఫోన్‌లో దుభాషిని పిలవాలి. ఇంకొక్కసారి ఇలా జరిగితే పంపించేస్తారు. దాని కింద సంతకం పెట్టాను.

అయిదో వారంలో ఒక పెద్దావిడ వచ్చింది. నేత చీర, దాని మీద స్వెట్టర్, కాళ్లకి బూట్లు. వెంట వచ్చిన కూతురు ఆఫీస్ మీటింగ్ ఉందని చెవిలో ఫోన్ పెట్టుకుని బయటే కూర్చుంది. నా పని చూడడానికి సూపర్‌వైజర్ కాగితమూ పెన్నూ పట్టుకుని గదిలో ఒక మూల నిలబడింది.

నన్ను చూడగానే పెద్దావిడ మొహం విప్పారింది.

"తెలుగమ్మాయివే కదూ? ఏ ఊరమ్మా మీది?"

నేను బల్ల మీదున్న ఫోన్ వైపు తిరిగి, దుభాషి సాయంతో కొన్ని ప్రశ్నలు అడుగుతానని ఇంగ్లీషులో చెప్పాను. ఫోన్‌లోంచి ఒక మగ గొంతు దాన్ని తెలుగులో ఆవిడకి చెప్పింది. ఆవిడ ఫోన్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

బరువు, బీపీ అయ్యాయి. తర్వాత కంప్యూటర్‌లో మనసు ఎలా ఉందో అడిగే ఫారం. నేను ఇంగ్లీషులో చదివాను.

"గడచిన రెండు వారాలలో ఎన్ని రోజులు మీకు నిరుత్సాహముగా అనిపించినది?" అన్నాడు దుభాషి.

ఆవిడ జవాబు నాకే చెప్పింది.

"నాకేం లోటమ్మా. కూతురూ అల్లుడూ బంగారం. పొద్దున్నే వాళ్లు ఆఫీసులకి వెళ్లిపోతారు. నేను కిటికీ దగ్గర కూర్చుంటా. వాళ్లొచ్చేదాకా అలా కూర్చునే ఉంటా. ఏదో, వెళ్లిపోతోంది."

దుభాషి ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాడు. అందులో తప్పేమీ లేదు. ఆ ఇంగ్లీషు విని, రోజంతా కిటికీ దగ్గర కూర్చోవడం ఎంత హాయి అన్నట్టు సూపర్‌వైజర్ నవ్వింది. ఆ "ఏదో" అన్నప్పుడు పెద్దావిడ గొంతు ఎలా పడిపోయిందో నేను విన్నాను. పగలు ఎవరితో మాట్లాడతారండీ అని ఒక్క ముక్క అడిగితే మిగతాదంతా ఆవిడే చెప్పేది. కానీ అది ఫారంలో లేని ప్రశ్న. ఎన్ని రోజులు అని మళ్లీ ఇంగ్లీషులోనే అడిగాను.

"లెక్కెట్టేదేముంది. ఏమీ లేదని రాసెయ్యమ్మా" అంది.

సూపర్‌వైజర్ సంతకానికి ఇంకొక్క వారం ఉంది. సున్నా నొక్కాను. బయటికి వెళ్లి డాక్టర్‌కి ఒక మాట చెప్పొచ్చని, దానికి ఏ నియమమూ అడ్డు కాదని నాకు తట్టింది, రెండు రోజుల తర్వాత. ఆ క్షణంలో మాత్రం నేను భయపడ్డాను, అంతే. నా బ్యాడ్జి కోసం భయపడ్డాను.

డాక్టర్ చూసి వెళ్లాక ఆవిడని బయటికి తీసుకెళ్తుంటే సూపర్‌వైజర్ తన కాగితం నాకు చూపించింది. పేషెంట్‌తో మాట్లాడే తీరు అన్న గడిలో పూర్తి మార్కులు వేసింది. ఈసారి ఎంత మారిపోయావో అని మెచ్చుకుంది కూడా.

కూతురు లేచి ఎదురొచ్చింది. పెద్దావిడ గొంతు తగ్గించి, నాకు అర్థం కాదన్న ధైర్యంతో కూతురికి చెప్పింది.

"పాపం, ఈ పిల్లకి తెలుగు రాదే. ఇక్కడే పుట్టినట్టుంది. మొహం చూసి ఎంత ఆశపడ్డానో, కాసేపు మాట్లాడుకోవచ్చని."

తర్వాత నా చెయ్యి పట్టుకుని, నాకు అర్థమయ్యేలా ఒక్కో అక్షరం విడదీసి, "థాంక్ యూ" అంది. సూపర్‌వైజర్ ఇంకా పక్కనే ఉంది. నేను ఇంగ్లీషులోనే బదులు చెప్పి, ఆవిడ దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను.