పువ్వు అంటే బువ్వ అనుకున్నారు

మా గది వెనక గోడ మీద, డాల్డా డబ్బాలో పెట్టిన నాగజెముడు ఈ రోజు మొదటిసారి పూసింది. పెళ్లయి షోలాపూర్ వచ్చేటప్పుడు మా పుట్టింటి కంచె నుంచి తెచ్చుకున్న ముక్క అది. అన్ని ముళ్ల మధ్య నిండు పసుపు పువ్వు, ముట్టుకుంటే చిరిగేంత పల్చటి రేకులు. అది ఒక్క పగలే ఉంటుంది. ఆయనకు చూపించాలని బీడీలు చుడుతూ సాయంత్రం దాకా ఎదురుచూశాను.

ఆయన కార్ఖానా నుంచి వచ్చేసరికి పువ్వు ముడుచుకుంటోంది. పవర్‌లూమ్ మోతకు ఆయన చెవులు మందగించాయి. నాకేమో అత్తమ్మ ముందు గొంతు లేవదు.

“పువ్వు అచ్చింది, జర రాండ్రి,” అన్నాను.

“బువ్వనా? తే, మస్తు ఆకలైతుంది,” అని పీట మీద కూర్చున్నారు.

“బువ్వ గాదు, పువ్వు.”

“ఆ, అదే. పెట్టు మరి.”

అత్తమ్మ నవ్వింది. “వాడు మగ్గాల మోతల ఉండి అచ్చిండు. గట్టిగ చెప్పవేందే, నోరు లేదా?”

అన్నం పెట్టాను. ఆయన తిని, అక్కడే ఒరిగి నిద్రపోయారు. వెళ్లి చూస్తే పువ్వు పూర్తిగా మూసుకుపోయింది.

రోజంతా చద్దర్ల మీద పువ్వులు నేసే మనిషికి నా ఒక్క పువ్వు వినబడలేదు. ఆ చెవులు ఇక బాగయ్యేవి కావు, నా గొంతూ పెరిగేది కాదు. ముందు ముందు నేను ఏం చెప్పినా ఆయనకు బువ్వ అనే వినబడుతుందేమో. మగ్గాల ఇళ్లలోని అక్కలారా, మీరు మీవాళ్లకు ఎట్లా చెబుతారు?