కొమ్ములున్న సింహం

కొండాపూర్‌లోని ఆ విల్లాలో పనికి చేరి యాదమ్మకు ఇరవై రోజులే అయింది. అంతకుముందున్న మనిషి ఒక్క గాజుగిన్నె పగలగొట్టినందుకే వెళ్లిపోవాల్సి వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు. ఈ పని పోతే కూతురు పింకీ చదువు ఆగిపోతుంది. అందుకే యాదమ్మ అక్కడ అడుగులు కూడా ఆచితూచి వేసేది.

దసరా ముందురోజు, ఇంటావిడ జయంతి ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మధ్యనుంచే, "పూజగదిలో ఇత్తడివన్నీ తోమెయ్" అంది. అన్నీ అంటే అన్నీ. యాదమ్మ చెంబులతో పాటు గోడకున్న పళ్లెమంత బిళ్లనూ దించింది. సంస్థానం నాటి వంశముద్ర అది. ఏటా దసరాకు పసుపూ కుంకుమా పూయడమే తప్ప దాన్ని కడిగినవాళ్లు లేరు. ఆ పూత కింద ఉన్నది సింహమని ఇంటిల్లిపాదికీ నమ్మకం. కొత్త గేటు మీదికి జయంతి సింహం బొమ్మ గీయిస్తోంది కూడా.

చింతపండుతో రుద్దేసరికి పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మీటింగ్ ముగించి వచ్చిన జయంతి కొయ్యబారిపోయింది.

"ఎంత పని చేశావు! నూరేళ్ల పూజ అది. సింహం ముఖం అరగదీసేశావు!"

"అరగలేదమ్మా. అది సింహమే కాదు."

"మరి?"

"సింహానికి కొమ్ములుంటయా అమ్మా? ఇది పొట్టేలు. మా నాయినకు మంద ఉండె, నాకు తెల్వదా?"

జయంతి కళ్లద్దాలు సవరించుకుని చూసింది. నిజమే, అటొకటి, ఇటొకటి, మెలితిరిగిన కొమ్ములు.

"మళ్లీ పసుపు పుయ్యి! మామయ్య చూశారంటే... నువ్వు రేపటి నుంచి ఇక..."

మాట పూర్తికాకముందే వాకింగ్‌కు వెళ్లిన మామగారు లోపలికి వచ్చారు. బిళ్లను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మీసాలు అదిరేలా నవ్వారు.

"గిదా సంగతి! ఇంట్ల పొట్టేలును కొయ్యొద్దని మా నాయనమ్మ ఒట్టు పెట్టిచ్చేది. ఎందుకే అంటే ఆమెకూ తెల్వదు. దసరాకు ఊరంత మటన్ తింటుంటే మేం కోడితోని సరిపెట్టుకుంటిమి. జయంతీ, ఈ బిడ్డను ఏమనకు. పసుపు గిట్ల ఏం పుయ్యొద్దు."

జయంతి ఊపిరి పీల్చుకుని గేటు డిజైన్ చేస్తున్న అబ్బాయికి ఫోన్ చేసింది. బిళ్ల మీద ముఖమే ఉంది. గేటుకు నిలువెత్తు బొమ్మ కావాలి. పొట్టేలు పక్కనుంచి ఎలా ఉంటుందని అతను అడిగాడు. జయంతి ఫోన్ యాదమ్మకు ఇచ్చేసింది.

యాదమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుంది.

"తమ్మీ, కొమ్ము చెవెనకకెల్లి తిరిగి చెంప కాడికి రావాలె. గొర్రె లెక్క తల వంచియ్యకు. జర రోషం వెయ్యి."