పుస్తకంలో నొక్కిన మిరపాకు

"ఆయన లేడా అమ్మా?"

పెళ్లయి పొదిలి వచ్చిన కొత్తలో ఈ ఒక్క మాట నన్ను కాల్చుకు తినేది. మాది పురుగుమందుల కొట్టు. మా ఆయన సరుకు కోసం గుంటూరో ఒంగోలో వెళ్లిన మధ్యాహ్నాలు కౌంటర్లో నేను కూర్చునేదాన్ని. రైతు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, నా మొహం కనబడగానే ఆ మాట అనేవాడు. "లేరండీ, ఏం కావాలో నాకు చెప్పండి" అంటే, "పర్లేదులేమ్మా, ఆయనొచ్చినాకే వస్తా" అని ఎదురుగా టీ బంకు దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. అక్కడి నుంచి మా కొట్టు వైపే చూస్తుండేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినదాన్ని, బోటనీలో డిగ్రీ చేసినదాన్ని. మిరపాకును అడ్డంగా కోస్తే లోపల ఏ పొర కింద ఏ పొర ఉంటుందో బొమ్మ గీసి పేర్లు పెట్టగలను. కానీ ఆ ఆకుకి ఏం రోగమొచ్చిందంటే నోరు వెళ్లబెట్టాల్సిందే. నన్నెవరూ అడగట్లేదని కోపం, తీరా అడిగితే ఏం చెప్పాలోనని భయం. ఈ రెంటి మధ్యా నాకు కుదురుండేది కాదు. తుడిచిన డబ్బాలే మళ్లీ తుడిచేదాన్ని, లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చి కూర్చునేదాన్ని. "ఏమిటోయ్ ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లిలాగా? కాసేపు కూర్చోరాదూ?" అని మా ఆయన నవ్వేవాడు. మంచివాడే. కాకపోతే రైతు ఏది అడిగితే అది తీసిచ్చి, వాళ్లకి తెలియదా ఏమిటి అనుకునే రకం.

రెండు వేలు దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. బస్టాండు రోడ్డులో ఒక నెట్ సెంటర్ వచ్చింది. ప్లైవుడ్ చెక్కలతో అడ్డాలు కట్టిన నాలుగు గూళ్లు, నాలుగు కంప్యూటర్లు, మూలగా ఒక స్కానర్. వ్యవసాయం చదివేవాళ్లు, చెప్పేవాళ్లు, రిటైరైన శాస్త్రవేత్తలు కలిసి నడుపుకునే మెయిల్ గ్రూపు ఒకటుందని గుంటూరులో నాతో చదువుకున్న స్నేహితురాలు ఉత్తరంలో రాసింది. ఒకరు ప్రశ్న రాస్తే అందరికీ వెళ్తుంది, తెలిసినవాళ్లు జవాబు రాస్తారు, అది మళ్లీ అందరికీ వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో, మొహం తెలియని వాళ్లు! నేను కొట్టు పేరుతో ఐడీ పెట్టుకుని చేరిపోయాను. ఆ పేరు చూసి అందరూ నన్ను సార్ అనేవాళ్లు. నేనూ కాదనలేదు. ఇక్కడ అమ్మా, ఆయన లేడా అనిపించుకునేదానికి అక్కడ సార్ అనిపించుకోవడం చెప్పొద్దూ, భలే బాగుండేది.

రోజూ మధ్యాహ్నం అన్నం గబగబా నాలుగు ముద్దలు మింగి, మా ఆయన కొట్టులో ఉంటే చాలు, నెట్ సెంటర్‌కి పరిగెత్తేదాన్ని. ఒక పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టేదో! తెర అడుగున ఆ నీలం గీత సగం దాకా పాకి ఆగిపోయేది. నేను కాలు ఊపుతూ, గోళ్లు కొరుక్కుంటూ ఉంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. "పోయింది మేడం, రేపు రండి" అనేవాడు సెంటరాయన చల్లగా. నీ మొహం మండ, రేపటిదాకా ఎవరు బతికారు అనిపించేది. అలాగే రెండు నోటు పుస్తకాలు నింపాను. రసం పీల్చే పురుగులు, ఆకు తినే పురుగులు, ఏ మందుతో ఏది కలపకూడదు, అన్నీ. కానీ ఆ పుస్తకం తెరిచి ఒక్కరికి చెప్పే రోజు రావట్లేదే!

వచ్చింది. ఒక మధ్యాహ్నం నలభై దాటిన ఆవిడ ఒకతె గుమ్మంలోకొచ్చింది. తలకి తువ్వాలు, చేతిలో మిరపాకులు. పక్క ఊళ్లో బోరు కింద ఎకరన్నర కౌలుకి తీసుకుని ఒంటరిగా మిరప వేసుకున్నానని తర్వాత చెప్పింది. ఆయన లేడా అంటుందేమోనని నేను ముందే మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివంట గదా" అంది ఆవిడ. "ఈ ఆకు చూడు. చేనంతా ముడుచుకుపోతా ఉంది. ఏం కొట్టమంటావు?"

నన్నే అడిగింది. ఈ ఊళ్లో మొదటిసారి ఒక మనిషి నన్ను అడిగింది. ఆ ఆకులు అందుకుని, "రెండ్రోజులాగి రా అక్కా. కంప్యూటర్లో పెద్దపెద్ద వాళ్లున్నారు, కనుక్కుని చెప్తా" అన్నాను. "మంచిది. నువ్వు చెప్పిందాకా ఇంకోటి కొట్టన్లే" అని వెళ్లింది.

ఇక నేను చేసిన పని వినండి. మొక్క తెస్తే దాన్ని పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి నొక్కి ఆరబెట్టడం బోటనీ వాళ్లకి మొదటి ఏడాదే అలవాటు చేస్తారు. రికార్డులో అట్టకి అతికించిన ఆకుల్లో నావే అందరికంటే నీటుగా ఉండేవి. ఆ అలవాటు కొద్దీ, ఒక్క ఆకు ఏరుకుని మిగతావి పారేసి, దాన్ని వేళ్లతో సాపు చేసి, నోటు పుస్తకంలో పెట్టి, పైన మందు డబ్బాలు నాలుగు ఎత్తాను. మర్నాటికి ఇస్త్రీ చేసిన చీరలాగా వచ్చింది. మురిసిపోయి, తీసుకెళ్లి స్కాన్ చేయించి, ఇదేం రోగం సార్లూ అని గ్రూపులో పెట్టాను.

ఆ మర్నాడు ఒక రిటైరైన పెద్దాయన జవాబు రాశాడు. ఆయన ఎప్పుడూ రెండు వాక్యాలు మించి రాయడు. ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా? అది చెబితే నేను చెబుతాను అన్నాడు. పైముడత అయితే తామర పురుగు, కిందిముడత అయితే ఆకు అడుగున కంటికి ఆనకుండా ఉండి రసం పీల్చే నల్లి. దేని మందు దానిదే, ఒకదానిది ఇంకోదానికి కొడితే లాభం లేకపోగా ముదురుతుంది అని నా నోటు పుస్తకంలోనే రాసుంది. పుస్తకం తెరిచి ఆకు చూశాను. ముడతేదీ? నేనే చదును చేశాను కదా. చేతికిచ్చినప్పుడు ఎటు ముడుచుకుని ఉందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అవతల ఆవిడ ఆ సాయంత్రమే వస్తానంది. తెలియదండీ, ఆకు నొక్కేశాను అని రాస్తే ఈ సార్ గారి పరువేం కాను? ఆ ఏడు కొట్టుకొచ్చిన వాళ్లంతా తామర పురుగు మందే పట్టుకెళ్తున్నారు. చీకట్లో బాణం వేసినట్టు, పైకి అని కొట్టేశాను.

అరగంటలో జవాబొచ్చింది. అయితే తామర పురుగే, ఫలానా మందు కొట్టించండి. కొట్టుకి పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆవిడ అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. "ఇది పైముడతక్కా" అని మందు తీసి కౌంటర్ మీద పెట్టాను.

ఆవిడ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. "పైముడతంటావా?" అంది.

"దేశమంతటా ఉన్నోళ్లని అడిగొచ్చానక్కా" అన్నాను, కొంచెం కటువుగానే. ఈవిడ కూడా అనుమానిస్తుందా అని చురుక్కుమంది మరి. ఆవిడ డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేను గాల్లో తేలిపోయాను. "ఏం డాక్టరమ్మా, బోణీ అయిందంటగా" అని మా ఆయన ఏడిపించినా నవ్వేశాను. వారంలో చేను తేరుకుంటుంది, ఆవిడ వచ్చి నలుగురి ముందూ చెబుతుంది, ఇక చూడు అనుకున్నాను. వారం గడిచింది. ఆవిడ రాలేదు. పదో రోజూ రాలేదు. గుమ్మం వైపు చూసీ చూసీ నా మెడ పట్టేసింది. ఒకరోజు రోడ్డవతల ఇంకో మందుల కొట్టు ముందు ఆ తువ్వాలు కనబడినట్టయి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆవిడ కాదు.

ఆ మధ్యాహ్నమే గ్రూపులో ఎవరో నల్లి పట్టిన మిరపాకు ఫొటో పెట్టారు. ఆకు అంచులు కిందికి ముడుచుకుని ఉన్నాయి. కింద రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. నల్లి పడితే ఆకు కాడ మామూలు కంటే పొడవుగా సాగుతుందట. ఇంటికొచ్చి నోటు పుస్తకం తెరిచాను. ఆకు సంగతి సరే, నొక్కినా కాడ పొడవు ఎక్కడికి పోతుంది? వేలెడంత కాడ, నా కళ్లముందే, పది రోజులుగా!

"రేపు నేను వెళ్లి చెప్పొస్తాలే" అన్నాడు మా ఆయన, విషయం విని.

"వద్దండీ. చెప్పింది నేను. నేనే వెళ్తాను" అన్నాను.

మర్నాడు నల్లికి కొట్టే గంధకం పొడి సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి ఆవిడ ఊళ్లో దిగి, అడుక్కుంటూ చేనికి వెళ్లాను. నిజం చెబుతున్నాను, ఆ కొట్టులో అన్నాళ్లు మిరప మందులమ్మి, మిరప చేలో కాలు పెట్టడం అదే మొదలు. గట్టు మీంచే ఒక కొమ్మ వంచి చూశాను. ఆకులన్నీ బోర్లించిన దోనెల్లా కిందికి ముడుచుకుని ఉన్నాయి. అడిగే పనే లేదు, గుడ్డివాడికైనా తెలుస్తుంది. పూత నేలంతా రాలి ఉంది.

ఆవిడ కలుపు తీస్తూ లేచి నిలబడింది. "ఏందమ్మాయ్, ఇంత దూరం వొచ్చావు?"

"అక్కా, నేను చెప్పింది తప్పు" అన్నాను. దారంతా ఎన్నో మాటలు అల్లుకున్నాను గానీ అదొక్కటే వచ్చింది. "ఇది కిందిముడత."

"తెలుసుగా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఎప్పుడేంది, నీ కొట్టుకి తెచ్చిన రోజునే. రోజూ చూసే చేను, ఆకు ఎటు ముడుచుకుందో తెలవదా నాకు? దానికి ఏం కొట్టాలో తెలవకనే నీ దగ్గరికొచ్చా."

"మరి చెప్పలేదేం అక్కా?" ఏడుపూ కోపమూ కలిసి వచ్చేసింది నాకు. "ఒక్క మాట చెప్పుంటే!"

"నువ్వు అడిగితేగా!" అంది ఆవిడ. అరవలేదు. అరిచినా బాగుండేది. "పైముడతంటావా అని అన్నా. దేశమంతా అడిగొచ్చానన్నావు. అంతమంది పైకి అన్నాక నాదేముందిలే, నా కళ్లే సరిగా చూళ్లేదేమో అనుకున్నా. అందర్నీ అడిగావమ్మా. ఎదురుగుండా నిలబడ్డదాన్ని అడగలా."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. చేను వైపు చూస్తూ, "ఆ మూల సగం పోయినట్టే. మిగతాదన్నా చూద్దాం. ఏం తెచ్చావు?" అంది. ఎండలో కొడితే ఆకు మాడుతుందని ఎండ తగ్గేదాకా ఆగాం. నేను నీళ్లు మోసి కలిపాను, ఆవిడ వీపుకి డబ్బా తగిలించుకుని కొట్టింది. ఆకు అడుగున తడవాలక్కా అని నోటిదాకా వచ్చింది. చూస్తే ఆవిడ అప్పటికే గొట్టం కింది నుంచి పైకి తిప్పి కొడుతోంది. ఇంకో బిందె నీళ్లకి వెళ్లాను.

బయల్దేరుతుంటే, ఆవిడ ఇంకా మందు కొట్టని మూలకెళ్లి ఒక కొమ్మ విరిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది చూపించు వాళ్లకి" అంది. "పుస్తకంలో పెట్టి నొక్కమాక."

ఆటోలో ఎవరి మోచెయ్యీ తగలకుండా ఆ కొమ్మని తల మీదుగా ఎత్తి పట్టుకుని వచ్చాను. చెంబులో నీళ్లు పోసి అందులో ఉంచి, తెల్లారి నెట్ సెంటర్ తలుపు తీయగానే వెళ్లి కూర్చున్నాను. పైకి అని రాసింది చూసి కాదు, ఊహించి రాశాను. కిందికి అన్నది ఈ చేను పండించే మనిషి, ఆమెకి మొదటి రోజు నుంచే తెలుసు, నేనే అడగలేదు అని గ్రూపుకి రాశాను. సార్ అనవద్దని కూడా రాశాను. తర్వాత కొమ్మని ఆకు వంకర పోకుండా మెల్లగా స్కానర్ అద్దం మీద పెట్టాను. సెంటరాయన వచ్చి మూత వేయబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"మూత వెయ్యకపోతే చుట్టూ నల్లగా వస్తుంది మేడం" అన్నాడు.

"రానివ్వండి" అన్నాను.