పరిగె ఏరే జట్టు

వాన వస్తుందని చెప్పేవాళ్లను నేను యాభై ఏళ్లుగా చూస్తున్నాను. పంచాంగం చూసి ఒకరు, రేడియోలో ఒకరు, ఇప్పుడు సెల్లులో ఒకరు. మా కంబదూరు పక్క మేఘం ఆ మాటలేవీ వినదు. అందుకే రాబోయేదాన్ని గురించి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. అలాంటి నేను పోయిన ఏడాది విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తూ, ఆరు బాస్కెట్‌బాల్ జట్లలో ఏది ఎంతదూరం పోతుందో ముందే చెప్పాల్సి వచ్చింది.

అది నా మనవరాలి కోసం. నా కొడుకు కూతురు. అనంతపురంలో చదివేటప్పుడు జిల్లా తరఫున ఆడింది. ఒక ఆటలో మోకాలు తిరిగింది. ఆపరేషన్ అయింది, ఆట పోయింది. కానీ నోరు పోలేదు. సెల్లులో ఆటలు చూస్తూ, ఎవరో వింటున్నట్లు తనలో తనే మాట్లాడుకునేది. ఆ మాటలనే రికార్డు చేసి ఒక టీవీ ఛానెల్‌కు పంపింది. మన దేశంలో ఆడపిల్లలకు జీతాలిచ్చి ఆడించే కొత్త లీగు మొదలవుతోందట, తెలుగులో వ్యాఖ్యానం చెప్పేవాళ్లు కావాలట. కొత్తవాళ్లలో ఇద్దరిని తీసుకున్నారు. ఒకరు మా పిల్ల, ఇంకొకరు కోస్తా నుంచి వచ్చిన ఒక అబ్బాయి. సెమీఫైనళ్ల దాకా ఇద్దరూ చెబుతారు, ఫైనల్‌కు మాత్రం ఒక్కరే. వచ్చే ఏడాది పని కూడా ఆ ఒక్కరికే.

నా కొడుకు అప్పటికే హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో ఆ పిల్లకు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు.

"ఆ ఒక్కరు నువ్వయితే సరే పాపా. కాకుంటే ఆట అయిపోయిన మర్నాడే ఫ్యాక్టరీలో చేరాల. మళ్ల ఏడుపులొద్దు" అన్నాడు.

"చేరతాలే నాయనా" అంది పిల్ల. ఆ పూట కంచంలో సగం అన్నం వదిలేసింది. అది చూసి నాకు కోపం వచ్చింది. అన్నం మిగిల్చేంత దిగులు మా ఇంట్లో ఎవరికీ రాకూడదు. ఆ దిగులు పోవాలంటే ఆ పని దానికి దక్కాలి. అంతే, నేను పట్టించుకోవడం మొదలుపెట్టాను.

సీజను మొదలు కాకముందే ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందో, ఎందుకో టీవీలో చెప్పాలట. అందుకని పిల్ల జట్లు ఆడుకునే ప్రాక్టీసు ఆటలను సెల్లులో చూసేది. వసారాలో మేము కాయలు వలుస్తుంటే సెల్లును చాటకు ఆనించి పెట్టేది.

"అవ్వా, నువ్వూ చూడు. ఎవరు గెలుస్తారనిపిస్తాది?"

"ఆర్పు మే దాన్ని. చార్జింగు దండగ."

"కాయలు వలిచేది చేతులు గదా. కండ్లు ఊరికేనే ఉండాయి గదా."

ఊరికే ఉన్న దేన్నయినా వాడుకోవాలని నేర్పింది నేనే. ఇక సెల్లు వైపు తిరిగి కూర్చున్నాను.

జట్ల పేర్లు నాకు పట్టుబడలేదు, చొక్కాల రంగులు పట్టుబడ్డాయి. అందరూ నీలం చొక్కాల జట్టు గెలుస్తుందనేవాళ్లు. వాళ్లు దూరం నుంచి బాగా వేస్తారు, నిజమే. కానీ వేశాక అక్కడే నిలబడి చూసుకుంటారు, ఫోటో దిగుతున్నట్లు. ఎర్ర చొక్కాలవాళ్లు మొదట ఉరుకులు, పరుగులు. చివరికొచ్చేసరికి నడుముల మీద చేతులు. పొద్దున్నే అందరికంటే ముందు సాలు పట్టుకుని, మధ్యాహ్నానికి గట్టు మీద కూర్చునే కూలీలను నేను చాలామందిని చూశాను. తెల్ల చొక్కాలవాళ్లు బంతిని ఎదుటివాళ్ల చేతికే విసిరేస్తారు. అంత దుబారా చేసే ఇంట్లో ఏం మిగులుతుంది?

తంగేడు పూల పసుపు రంగు చొక్కాల జట్టు ఒకటుంది. దాంట్లో పేరున్నవాళ్లు లేరు. అందులో ఒక పొట్టిపిల్ల మీద నా కన్ను పడింది. రింగుకు వేసిన బంతి గాలిలో ఉండగా అందరూ మెడలెత్తి పైకి చూస్తారు. ఆ పిల్ల చూడదు. బంతి ఎడమ నుంచి వెళితే, ఆ పిల్ల కుడివైపుకు పోయి నిలబడుతుంది. బంతి తప్పితే సరాసరి దాని చేతికే వస్తుంది.

"మళ్ల చూపించు" అన్నాను. మూడుసార్లు చూపించింది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

నేను మూడో తరగతి సగంలో బడి మానేశాను. ఆ ఏడు మా అమ్మ నన్ను పరిగెకు తీసుకుపోయింది. ఎద్దులతో గుంటక తోలి, వేరుశనగ పైరు పెరికి కుప్ప వేసుకున్నాక, మట్టిలో మిగిలిపోయిన కాయలను లేనివాళ్లు ఏరుకుంటారు. దాన్ని పరిగె అంటారు. చేనుగలాయన మేకలను వదిలేలోగా ఏరుకోవాలి. పిల్లలమందరం కుప్ప వేసిన చోటికి పరుగెత్తాము. మా అమ్మ నా జడ పట్టుకుని చేను మూలకు లాగింది. "అందరూ పోయిన తావుకు పోతే అందరికీ దొరికినంతే దొరుకుతాది. ఎద్దులు యాడ తిరిగినాయో చూడు. తిరిగేకాడ గుంటక లోతుకు దిగదు. ఆడుంటాయి కాయలు" అంది. ఆ సాయంత్రం నా ఒడి నిండింది. తర్వాత ఎన్నో ఏళ్లు మా ఇంట్లో నూనె ఆ మూలల నుంచే వచ్చింది.

"ఆ పొట్టిపిల్ల పరిగె ఏరతాంది" అన్నాను.

"దాన్ని రీబౌండ్ అంటారవ్వా. ఒక పక్కన దూరం నుంచి ఏసిన బంతి తప్పితే ఎక్కువగా ఎదురుపక్కకే పడతాది. మా కోచ్ రెండేండ్లు నేర్పినాడు."

"మీ కోచ్‌కు రెండేండ్లు పట్టిందా? మా అమ్మకు ఒక్క పూట."

మళ్లీ చూశాను. ఆ పిల్ల ఏరుతుంటే తక్కిన నలుగురూ ఎదుటివాళ్లకు అడ్డంగా వీపులు పెట్టి, దానికి చోటు చేసి ఇస్తున్నారు. ఎదుటివాళ్లు పోగొట్టుకున్నది కూడా వీళ్ల ఒడిలోకే వస్తోంది.

"తంగేడు పూల చొక్కాలోళ్లు ఆఖరాటకు పోతారు. రాసుకో" అన్నాను. "వాళ్లలో రింగు కిందుండే ఆ పొడుగాయమ్మను మాత్రం తీసేయమను. నిలబడుకోనే ఉంటాది. కూలి దండగ."

"నిలబడేదే ఆమె పని అవ్వా."

"నిలబడేది పనయితే కరెంటు స్తంభానికి కూడా కూలియ్యాల."

మాతోపాటు కాయలు వలుస్తున్న ఎదురింటామె నాకు చెల్లెలి వరస. ఊరందరి మీదా ఒక మాట విసరందే ఆమెకు పొద్దు గడవదు.

"ఏమక్కా, వానెప్పుడొస్తాదో ఒక్కనాడన్నా చెప్పినదానివి కాదు. యాడనో ఆడపిల్లల ఆట సంగతి చెప్తాండావే!"

"వానకు కాళ్లు లేవు చూసేదానికి. వీళ్లకుండాయి."

పిల్ల రెండు రోజులు ఆ ఆటలే తిప్పి తిప్పి చూసింది. హైదరాబాదు బస్సెక్కే ముందు నా దగ్గరికొచ్చి చెప్పింది. "నువ్వు చెప్పినావని చెప్పనవ్వా. నాకూ అట్లనే కనపడతాంది. తప్పయితే నా తప్పే." ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

సీజను ముందు కార్యక్రమం టీవీలో వచ్చింది. ఇద్దరు పెద్ద వ్యాఖ్యాతలు, ఆ అబ్బాయి, మా పిల్ల కూర్చున్నారు. మా పిల్ల తప్ప అందరూ పసుపు చొక్కాల జట్టును ఆరో స్థానంలో పెట్టారు. "ఆరు కంటే కింద ఇంకోటి లేదు కాబట్టి ఆరండీ" అన్నాడు ఆ అబ్బాయి. అందరూ నవ్వారు. మా పిల్ల ఆ జట్టు ఫైనల్‌కు పోతుందంది. ఎందుకని అడిగితే, "తప్పిపోయిన బంతిని వాళ్లు వదలరు" అంది. పెద్దాయనొకరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఏరుకుని బతికే జట్టు ఎంత దూరం పోతుందమ్మా?" అన్నాడు. మళ్లీ నవ్వారు. నా కొడుకు లేచి టీవీ ఆపేశాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఏరుకుని బతికినదాన్ని నేను. ఎంత దూరం వచ్చానో నాకు తెలుసు.

సీజను మొదలైంది. పసుపు చొక్కాలవాళ్లు మొదటి ఆట ఓడిపోయారు. రెండో ఆటా ఓడిపోయారు.

"ఫ్యాక్టరీవాళ్లు మళ్ల ఫోన్ చేసినారు" అన్నాడు నా కొడుకు గోడ వైపు చూస్తూ.

"అక్కా, నీ జట్టు కంటే వానే నయం. అది రాకపోయినా ఓడిపోదు" అంది ఎదురింటామె.

ఆ మర్నాడు పిల్ల ఫోన్ చేసింది. గొంతు సన్నగా వచ్చింది. "అవ్వా, చెప్పింది మార్చుకునేదానికి ఒక అవకాశమిచ్చినారు. ఆ అబ్బాయి రెండు మార్చుకున్నాడు. నన్నూ మార్చుకోమంటాండారు."

"ఓడిన రెండాటల్లో పరిగె ఎవరేరినారు?"

"మనోళ్లే. ఏరినారు గానీ రింగులో ఎయ్యలేకపోయినారు."

"ఎయ్యడం ఒకనాడు కుదరదు, ఒకనాడు కుదురుతాది. ఏరే బుద్ధి మాత్రం ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. నువ్వు చూసింది మారిందా?"

"లేదు."

"మరి మాటేంటికి మార్చేది?"

"మార్చనులే అవ్వా" అంది.

"ఇంకోటి. రీబౌండ్ రీబౌండ్ అని గొంతు చించుకుంటాండావు. ఎదురింటామెకు రవ్వంత కూడా అర్థం కాలేదు. పరిగె అను."

"నవ్వుతారవ్వా!"

"ఆరో జట్టని నవ్వినప్పుడు సచ్చిపోయినావా?"

మూడో ఆట గెలిచారు. నాలుగోది గెలిచారు. అయిదోది కూడా. ఆ నాలుగో ఆటలోనే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఎదుటివాళ్లు బంతి పట్టుకుని రింగు దాకా ఉరికొచ్చి, పొడుగాయమ్మను చూసి వెనక్కు మళ్లుతున్నారు. ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు. మా చేలో బెదురుబొమ్మ కూడా అంతే, కదలదు. అది లేని ఏడు పందులు చేనంతా తవ్వేస్తాయి. నేను ఆ అమ్మాయి విషయంలో తప్పు మాట్లాడాను. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

సెమీఫైనల్లో మా జట్టుకు నీలం చొక్కాలవాళ్లే ఎదురయ్యారు. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు ఎదురింటామె చాటలో కందులు పెట్టుకుని కూర్చుంది. నా కొడుకు బయట అరుగు మీద కూర్చున్నాడు, ఈ ఆటతో తనకు సంబంధం లేనట్లు. కానీ టీవీ సౌండు తగ్గిస్తే, "ఎందుకమ్మా తగ్గిస్తావు?" అని కేక వేశాడు.

ఆట అటూ ఇటూ ఊగింది. చివరి క్షణాలకు మావాళ్లు ఒక్క పాయింటు వెనకబడ్డారు. బంతి మావాళ్ల చేతిలోనే ఉంది. ఎడమ మూల నుంచి ఒక అమ్మాయి వేసింది. నేను బంతిని చూడలేదు. కుడివైపు చూశాను. ఆ పొట్టిపిల్ల అక్కడుంది.

టీవీలోంచి నా మనవరాలి గొంతు వచ్చింది. "ఎడమ మూల నుంచి వేసింది, తప్పింది, కుడివైపు చూడండి, ముందే పోయి నిలబడింది, పరిగె ఏరింది! ఏరింది, వేసింది, పడింది!"

గంట మోగింది, మావాళ్లు గెలిచారు. ఎదురింటామె ఎగిరి లేచింది. చాట కింద పడి, కందులు ఇల్లంతా పరుచుకున్నాయి. నేను మొదట కందులు ఏరాను. ఆ తర్వాత సంతోషపడ్డాను.

టీవీలో ఆ కళ్లద్దాల పెద్దాయన అడుగుతున్నాడు. "పరిగె అన్నావు, అంటే ఏమిటమ్మా?"

"మా అనంతపురం పక్క చేలో మిగిలిపోయిన కాయలు ఏరుకోవడమండీ. మా అవ్వ చిన్నప్పుడు ఏరేది. అందరూ పోయిన చోటికి పోకుండా, ఎద్దులు తిరిగిన మూలకు పోయి ఏరేది. ఈ జట్టును నాకు చూపించింది ఆమే."

పెద్దాయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇన్నేళ్లుగా ఈ ఆటకు తెలుగులో ఒక మాట వెతుకుతున్నాను. అది చేలో ఉందన్నమాట" అన్నాడు. ఆ కోస్తా అబ్బాయి కూడా చప్పట్లు కొట్టాడు. బుద్ధిమంతుడే.

నా కొడుకు అరుగు మీద నుంచి ఎప్పుడు లోపలికొచ్చాడో తెలియదు. టీవీకి ఒక అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు.

మర్నాడు పొద్దున పిల్ల ఫోన్ చేసింది. ఫైనల్ తనకే ఇచ్చారు. వచ్చే ఏడాది సీజను మొత్తం కూడా. నా కొడుకు ఫోన్ నాకిచ్చి బయటికి పోయాడు. బావి గట్టు దగ్గర నిలబడి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. అవసరమైన దానికంటే గట్టిగా మాట్లాడాడు, వీధి వీధంతా వినేటట్లు. "మా పాప రాదప్పా. ఏమంటే, దానికి పనుండాది."

ఫైనల్లో పసుపు చొక్కాలవాళ్లు కొద్దిలో ఓడిపోయారు. ఎదురింటామె నా ముఖంలోకి చూసింది. ఆఖరాటకు పోతారని చెప్పాను, పోయారు. నేను చెప్పింది అంతే. నా మనవరాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కతే ఆ ఆటను నడిపింది, గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

ఈ ఏడు కొత్త సీజను వస్తోంది. రేషను అంగడి దగ్గర వరసలో నిలబడితే జనం నన్ను అడుగుతున్నారు, ఎవరు గెలుస్తారవ్వా అని. ఆ పొట్టిపిల్లను ఈసారి నీలం చొక్కాల జట్టు తీసుకుందట. ఇక కప్పు వాళ్లదేనని టీవీలో అప్పుడే మొదలుపెట్టారు. నేనొప్పుకోను. ఆ పిల్ల పరిగె ఒక్కతే ఏరలేదు. వీపు అడ్డం పెట్టి చోటు ఇచ్చిన ఆ నలుగురూ పసుపు చొక్కాల్లోనే ఉన్నారు. వాళ్లలో ఆ పొడుగాయమ్మ కూడా ఉంది. ఈసారి గెలిచేది వాళ్లే.

పిల్ల బస్సెక్కేటప్పుడు నా అభిప్రాయాలను క్యాలెండరు కాగితం వెనక రాసి ఇచ్చాను. అక్కడే నిలబడి చదివింది. మొదటి వరుస దగ్గరే ఆగి నా ముఖం చూసింది. "పొడుగాయమ్మ గురించి నేను చెప్పింది తప్పు" అని రాసి ఉంది అక్కడ.

"అవ్వా, ఇది నువ్వే రాసినావా?"

"బస్సు పోతాది, ఎక్కు. కాగితం పారెయ్యొద్దు. కింద సగం ఖాళీ ఉండాది, ఆట అయినాక గెలిచినోళ్ల పేరు ఆడ రాసి తెచ్చియ్యి."